లంబసింగి ఊటీ ఎందుకు కాలేదు

డిసెంబరు చలి మొదలైతే తణుకు నుంచి, చుట్టుపక్కల ఉండ్రాజవరం, అత్తిలి, పెనుగొండ ఊళ్ల నుంచి శనివారం రాత్రుళ్లు కార్లు కొండదారి పడతాయి. జాతీయ రహదారి మీద రావులపాలెం, రాజమండ్రి, అన్నవరం, తుని దాటి నర్సీపట్నం చేరడం, అక్కడ ఘాట్‌రోడ్డు ఎక్కి తెల్లవారేలోపు లంబసింగిలో దిగడం. తాతయ్యకు శాలువా, పిల్లలకు మంకీ క్యాపులు, వెనక సీటులో పులిహోర డబ్బా. చెరువులవేనం మీద పాలసముద్రంలా పరుచుకున్న మంచు చూసి, తాజంగి జలాశయం గట్టున కాసేపు తిరిగి, మధ్యాహ్నానికి కొండ దిగుతారు. సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో కొన్ని శీతకాలాల్లో వేడి సున్నా డిగ్రీల దగ్గరకు పడిపోతుంది. ఉక్కపోతకు, కాలవనీళ్లకు అలవాటుపడ్డ డెల్టా మనిషికి అది నిజంగా మరో లోకం. అందుకే దిగివచ్చేటప్పుడు ప్రతి కుటుంబంలోనూ ఒకరు అనే మాట ఒకటుంది: ఇంత చలి, ఇంత అందం పెట్టుకుని మనవాళ్లు దీన్ని ఊటీ చేసుకోలేకపోయారు, ప్రభుత్వాలు పట్టించుకోలేదు అని. ఈ మాటతో నాకు పేచీ ఉంది. లంబసింగి ఊటీ కాకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు. ఆ కొండల జ్వరం, ఆ కొండల మనుషుల తిరుగుబాట్లు, వాటి తరవాత వచ్చిన భూమి చట్టం కలిసి దాన్ని ఊటీ కానివ్వలేదు. మన కుటుంబాలు రాత్రికి రాత్రి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి వచ్చే ఈ యాత్ర తీరును కూడా ఆ చరిత్రే నిర్ణయించింది.

ముందు ఊటీ ఎలా ఊటీ అయిందో చూడాలి. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరులెక్కాడు. 1820లలో అక్కడ రాతి ఇల్లు కట్టుకుని, చెరువు తవ్వించి, ఐరోపా కూరగాయలు పండించాడు. తోడాలు తరతరాలుగా బర్రెలు మేపుకుంటున్న పచ్చిక నేల కొద్ది దశాబ్దాల్లో బంగళాల స్థలాలైంది. మద్రాసు గవర్నరు వేసవి కాపురం అక్కడికి మారింది. ఇందులో మూడు సంగతులు గమనించాలి. ఆ ఎత్తున ఐరోపావాడు జ్వరపడకుండా బతకగలిగాడు. ఆ నేలను కొండవాళ్ల దగ్గర నుంచి పెద్ద ప్రతిఘటన లేకుండా తీసుకోగలిగాడు. తీసుకున్నదాన్ని తనవాళ్లకు అమ్ముకోగలిగాడు. వేసవి విడిది ఊరు పుట్టడానికి చలి ఒక్కటే చాలదు, ఈ మూడూ కావాలి. గోదావరి డెల్టాను ఆనుకుని ఉన్న మన్యంలో చలి ఉంది గాని, ఈ మూడింటిలో ఒక్కటీ కుదరలేదు.

మొదటిది జ్వరం. మన జిల్లాల పాత తరాలకు మన్యం అనగానే మంచు గుర్తుకొచ్చేది కాదు, చలిజ్వరం గుర్తుకొచ్చేది. దీనికి శాస్త్రపరమైన కారణం ఉంది. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో ఎదగాలంటే కొంత వెచ్చదనం ఉండాలి. ఉష్ణోగ్రత పదహారు, పద్దెనిమిది డిగ్రీల కిందికి దిగితే ఆ ఎదుగుదల ఆగిపోతుంది. ఊటీ 2,200 మీటర్ల పైన ఉంది కాబట్టి ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ చలే దానికి కాపలా కాసింది. తూర్పు కనుమలు అంత ఎత్తు లేవు. లంబసింగి, చింతపల్లి, గూడెం ఎత్తుల్లో నడిశీతకాలం తప్పిస్తే ఏడాదంతా దోమకు అనువైన వెచ్చదనమే. పైగా కొండ వాగుల్లో నెమ్మదిగా పారే తేట నీళ్లు, గడ్డి కప్పిన ఒడ్లు ఇష్టపడే దోమ జాతి ఒకటి మలేరియాను మోయడంలో చాలా సమర్థమైనది. డెల్టా కాలవల వెంట మనకు బోదకాలు ఇచ్చిన దోమ వేరు, కొండ వాగుల దోమ వేరు. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో ఆ పరాన్నజీవిని కనిపెట్టేదాకా ఈ జ్వరాన్ని కొండగాలి దోషమనీ, కొండ నీటి దోషమనీ అనుకునేవాళ్లు. కారణం తెలియకపోయినా ఫలితం అందరికీ తెలుసు.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు: ఎత్తు చాలకపోవడమే అసలు కారణమైతే, దీన్ని చరిత్ర అనడం దేనికి, భూగోళం అనవచ్చు కదా? ఈ ప్రశ్నకు గాలికొండ జవాబు చెబుతుంది. అనంతగిరి, అరకుల వైపు 5,000 అడుగులు దాటిన ఆ కొండ మీద 1860 ప్రాంతంలో విశాఖపట్నం తెల్ల సైనికుల కోసం ఆరోగ్య విడిది పెట్టి చూశారు. జ్వరాలు తగిలి దాన్ని వదులుకున్నారు. అది సేలం దగ్గరి ఏర్కాడు కంటే తక్కువ ఎత్తు కాదు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ అంతకంటే తక్కువ ఎత్తే అయినా, కడప కలెక్టరు హార్స్‌లీ ఇల్లు కట్టుకున్న నాటి నుంచి నేటిదాకా విడిదిగానే ఉంది. ఆ ప్రాంతపు పొడిగాలి మీద నమ్మకంతోనే 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి వెలిసింది. ఆంధ్రదేశం నలుమూలల నుంచి రోగులు గాలి మార్పుకని రాయలసీమ మెట్టకు పోయారు గాని, పక్కనే కనిపిస్తున్న మన్యం కొండలు ఎక్కలేదు. కొలతబద్ద మీద అంకెలు దగ్గరగానే ఉన్నాయి. తేడా వాన, అడవి, వాగు, దోమలది.

మరి డెల్టాకు, మన్యానికి రాకపోకలే లేవా అంటే ఉన్నాయి, కాని అవి కొండ పాదం దగ్గర ఆగిపోయేవి. గోకవరం సంతలో, అడ్డతీగల సంతలో, కృష్ణదేవిపేటలో కింది షావుకారు ఉప్పు, గుడ్డలు, ఎండుచేపలు పరిస్తే, పైనుంచి వచ్చినవాళ్లు చింతపండు, కరక్కాయలు, పసుపు, కొండచీపుళ్లు దించేవాళ్లు. పొద్దు వాలకముందే ఎవరి దారి వారిది. సర్కారు ఉద్యోగం చేసే డెల్టావాడికి ఏజెన్సీ బదిలీ అంటే శిక్ష కిందే లెక్క. క్వినైన్ బిళ్లలు కట్టుకుని ఒంటరిగా వెళ్లేవాడు, భార్యాపిల్లలను కిందనే అత్తవారింట్లోనో అద్దె ఇంట్లోనో ఉంచేవాడు. ఈ అలవాటు గురించి మనం తగినంతగా ఆలోచించలేదు. ఇవాళ పసిపిల్లల్ని ఎత్తుకుని ఎక్కుతున్న ఆ కొండకు రెండు మూడు తరాల కింద పిల్లల్ని తీసుకుపోవడం తెలివితక్కువతనం. కుటుంబంతో కొండకు పోవడం అనే ఆచారం డెల్టాలో పుట్టడానికి ముందు ఆ భయం పోవలసి వచ్చింది.

భయం కాదు, డబ్బు లేకపోవడమే కారణం అనేవాళ్లూ ఉన్నారు. తీరికా కలిమీ వచ్చాకే ఎవరైనా విహారానికి పోతారు, డెల్టాకు అవి ఈమధ్యే వచ్చాయి అంటారు. ఈ వాదన కాలం లెక్కకు నిలవదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ తరవాత యాభై ఏళ్లు తిరిగేసరికి కాలవ కింది భూములు రాష్ట్రంలోనే సంపన్నమైనవయ్యాయి. 1900లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన తెరిచాక కలకత్తా దాకా, మద్రాసు దాకా రైలు దారి కలిసింది. డెల్టా రైతులు ఆ రైళ్లెక్కి కాశీకి, పూరీకి, రామేశ్వరానికి వెళ్లారు. పిల్లల్ని చదువులకని మద్రాసు పంపారు. 1947లో తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ వంటివాళ్లు ఆంధ్రా షుగర్స్ స్థాపించే నాటికి ఇక్కడ పెట్టుబడికే కొదవ లేదు, ప్రయాణపు ఖర్చుకు ఉంటుందా! ఎంతో దూరంలోని గంగ దాకా పోగలిగినవాళ్లు నూటయాభై, రెండువందల కిలోమీటర్ల దూరంలోని కొండకు పోలేదంటే చేతిలో డబ్బు లేక కాదు.

రెండో సంగతి తిరుగుబాటు. ఇది లంబసింగి రోడ్డుతోనే ముడిపడి ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి. 1879లో రంప కొండల్లో మన్సబుదారు దోపిడీకీ, తాటికల్లు మీద వేసిన చిగురుపన్నుకూ ఎదురుతిరిగిన ముఠాదారులు, రైతులు గోదావరి మన్యాన్నే గాక విశాఖ వైపు గూడేన్ని, అవతల రేకపల్లిని కూడా కదిలించారు. అణచడానికి పంపిన పటాలాల్లో ఎందరినో తుపాకి గుండు కంటే జ్వరమే మంచాన పడేసింది. 1882 అటవీ చట్టం వచ్చాక పోడు మీద ఆంక్షలు మొదలయ్యాయి. ఆ తరవాతి తరంలో, మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో, నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు వేయించే పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతిలో ఉంది. రోడ్డుకు కావలసిన కొండకూలీలను బలవంతంగా పట్టించారు. ఇవ్వవలసిన కూలిలో చాలా భాగం వాళ్ల చేతికి చేరలేదు. ఎదురడిగినవాళ్లకు దెబ్బలు. బట్టిపనుకుల ముఠాకు చెందిన గాం గంటందొర, మల్లుదొర సోదరులకు ఆ అధికారితో సొంత పగ కూడా ఉంది. రోడ్డు పనుల్లో ఇంత అన్యాయం పోగుపడ్డ సమయంలోనే అల్లూరి సీతారామరాజు వాళ్ల మధ్య ఉన్నాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద దాడులు జరిగాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో కవర్డు, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. మలబారు పోలీసులు చాలక, 1924లో కొండయుద్ధం తెలిసిన అస్సాం రైఫిల్సును రప్పించవలసి వచ్చింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును కాల్చి చంపారు. పట్టుబడిన మల్లుదొర అండమాన్ జైలు నుంచి బతికి వచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు.

సీతారామరాజు మన డెల్టా మనిషే అన్నది ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. వాళ్ల ఊరు భీమవరం దగ్గరి మోగల్లు. తండ్రి రాజమండ్రిలో ఫొటోగ్రాఫరు. పినతండ్రి నరసాపురంలో తహసీల్దారు. కాలవ కింది పొలాల మధ్య, తహసీల్దారు ఇంట్లో పెరిగిన కుర్రవాడు 1917లో కృష్ణదేవిపేట చేరి, కొండవాళ్ల మధ్యే ఉండిపోయాడు. సంతకు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే డెల్టా అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం. ఆయన కథ సినిమాల్లో, పాటల్లో మనకు ఎంతో దగ్గరైంది. లంబసింగి ఘాటు ఎక్కే కార్లలో ఆయన పేరు తెలియనివాళ్లు ఉండరు, కాని తాము ఎక్కుతున్న దారే ఆ పోరాటానికి ఒక కారణమని తెలిసినవాళ్లు తక్కువ. ఈ తెలియకపోవడం నన్ను బాధపెడుతుంది. రోడ్డు నేడు వెడల్పయింది, తారు పడింది, మలుపుల దగ్గర గోడలు కట్టారు. కాని ఆ వరస తీసింది వెట్టి చేసిన చేతులే.

దీని మీద ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. బ్రిటిషు కాలపు ఘాట్‌రోడ్లలో ఎన్నో బలవంతపు కూలితో వేసినవే, నీలగిరి రోడ్లు మాత్రం పూలబాటలా అని. నిజమే. అయితే రోడ్డు ఎలా వేశారన్నదే కాదు, ఎందుకు వేశారన్నదీ చూడాలి. నీలగిరి రోడ్డు చివర దొరల కాపురాలున్నాయి. చింతపల్లి రోడ్డు చివర కలప, పన్ను, పోలీసు ఠాణా ఉన్నాయి. 1924 తరవాత సర్కారు కళ్లకు ఆ కొండలు విడిదిగా కాదు, కనిపెట్టి ఉండవలసిన ప్రాంతంగానే కనిపించాయి. తుపాకులు పట్టుకుని తిరగవలసి వచ్చిన కొండ మీద ఏ కలెక్టరూ పూలతోట వేసుకోడు. వేసుకోలేదు కూడా.

జ్వరం వెనకడుగు వేసింది స్వాతంత్ర్యం తరవాతే. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, ఊరూరా డీడీటీ చల్లారు. 1958లో నియంత్రణ కాస్తా నిర్మూలన కార్యక్రమమైంది. కిందివాళ్ల మనసుల్లోంచి మన్యం భయం వదలడం అక్కడి నుంచి మొదలైందని నా ఉద్దేశం. ఏజెన్సీలో మలేరియా ఇంకా పోలేదు కదా, మరి జనం ఎలా వెళుతున్నారు అని అడగవచ్చు. పోలేదు. వానలప్పుడు, వానలు వెలిసిన నెలల్లో జ్వరాలు వస్తూనే ఉన్నాయి, ఆ బాధ పడేది అక్కడ నివసించే గిరిజన కుటుంబాలే. కాని డెల్టా కుటుంబం వెళ్లేది డిసెంబరు, జనవరుల్లో, ఒక రాత్రికో రెండు రాత్రులకో. దోమలో పరాన్నజీవిని ఎదగనివ్వని చలి, మనం చూడటానికి వెళ్లే చలి ఒకటే. యాత్రికుడి కాలెండరూ జ్వరం కాలెండరూ ఒకదానికొకటి తగలకుండా తప్పుకుంటున్నాయి, కొండ మీది మనిషికి ఆ సౌకర్యం లేదు.

ఇక మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే బలమైనది, భూమి చట్టం. షావుకార్ల అప్పుల కింద కొండవాళ్ల పొలాలు చేజారిపోతున్నాయని, అది మళ్లీ రంపలా రగులుతుందని గ్రహించిన మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ మీద చట్టం తెచ్చింది. దాని స్థానంలో 1959లో ఒకటో నంబరు రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దాన్ని సవరించి ఇంకా గట్టి చేశారు, మనం ఒకటి బై డెబ్బై అనేది దాన్నే. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడికి అమ్మడం చెల్లదు. ఒక గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే, అది ఒకనాడు గిరిజనుడిదేనని భావించి విచారణ మొదలుపెట్టాలి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి కూడా ఈ నియమం వర్తిస్తుందని, గనుల కోసం ఆ భూముల్ని ప్రైవేటువారికి లీజుకివ్వడానికి వీల్లేదని తీర్పు చెప్పింది. లంబసింగిలో మేడలకు బదులు గుడారాలు ఎందుకున్నాయో చూడాలంటే ఈ చట్టం చదవాలి. తణుకు, భీమవరం, పాలకొల్లు పెట్టుబడి హైదరాబాదులో అపార్టుమెంట్లయింది, ఒంగోలు తీరాన రొయ్యల చెరువులైంది. లంబసింగిలో బంగళాలు కాలేకపోయిందంటే దానికి మనసు లేక కాదు, చట్టం అడ్డు నిలిచింది.

అరకు సంగతేమిటి, అక్కడ హోటళ్లున్నాయి కదా అనేది తరవాతి ఆక్షేపణ. అరకుకు రైలు వచ్చింది బైలదిల్లా ఇనుప ఖనిజం జపానుకు పంపడానికి. 1960లలో యాభై ఎనిమిది సొరంగాలు తొలిచి వేసిన కొత్తవలస–కిరండూలు దారి మీద ప్రయాణికుల బండి కూడా నడవడంతో, విశాఖ నుంచి పొద్దున ఎక్కి బొర్రా గుహలు, అరకు చూసి రావడం మొదలైంది. అక్కడ పెద్ద విడుదుల్లో ముఖ్యమైనవి ప్రభుత్వ పర్యాటక సంస్థవి. చట్టం అక్కడా అదే. వచ్చి చూసి పోయే యాత్ర అక్కడా అదే. ఆ రైలు ఇనుము కోసం రాకపోయి ఉంటే అరకు కూడా లంబసింగిలాగే ఎంతో ఆలస్యంగా మన నోటికి వచ్చేది.

తిరుమల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నా వాదనకు అదే గట్టి పరీక్ష. తిరుమల ఎత్తు లంబసింగికి మరీ తక్కువేమీ కాదు. డెల్టా కుటుంబాలు పుట్టు వెంట్రుకలు తీయించడానికి నెలల పిల్లలతో సహా ఏనాటి నుంచో ఆ కొండెక్కుతున్నాయి. మరి కొండభయం ఏమైంది? తిరుమలలో గుడి ఉంది, సత్రాలున్నాయి, ప్రసాదం ఉంది, దారి పొడవునా యాత్రికుల కోసం మంటపాలున్నాయి. 1944లో ఘాట్‌రోడ్డు పడ్డాక బస్సులు ఎక్కాయి. ఆ కొండ శతాబ్దాలుగా వచ్చినవాడికోసం ఏర్పాటై ఉంది. మన్యం కొండలు అలా లేవు, అవి అక్కడ ఉంటున్నవాళ్ల పొలాలు, పోడులు, దేవతల చెట్లు. కొండ ఎత్తు మన కుటుంబాలను ఎన్నడూ ఆపలేదని తిరుమల రుజువు చేస్తోంది. అంటే మన్యం విషయంలో ఆపినవి వేరే ఉన్నాయన్న నా మాటకు అది బలమే ఇస్తుంది.

ఇప్పుడు రాజమండ్రి నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఇ జాతీయ రహదారి ఆ దారంతటినీ కలుపుతోంది. 1879 రంప, 1924 కొయ్యూరు, 1922 చింతపల్లి ఒకే రోడ్డు మీద వస్తాయి. తణుకు నుంచి వెళ్లేవాళ్లకు తుని చుట్టు తప్పుతుంది. రోడ్డు బాగుపడేకొద్దీ రోడ్డు పక్క గజం స్థలం మీద కిందివాళ్ల కన్ను పడుతుంది. బినామీ పేర్లతో గుడారాలు, రిసార్టులు నడుస్తున్నాయన్న ఫిర్యాదులు ఇప్పటికే ఏజెన్సీలో వినిపిస్తున్నాయి. ఒకటి బై డెబ్బైని సడలిస్తే పర్యాటకం పెరిగి గిరిజనులకే లాభమన్న వాదన ప్రతి కొన్నేళ్లకూ లేస్తుంది, ఆ మాట లేచినప్పుడల్లా ఏజెన్సీ బందు పిలుపులూ లేస్తాయి. సడలింపు కోరేవాళ్లు ఊటీని ఉదాహరణగా చూపిస్తారు. నీలగిరుల్లో తోడాల పచ్చికలకు ఏమైందన్నది కూడా ఆ ఉదాహరణలోని భాగమే. లంబసింగిలో గది అద్దెకిచ్చే ఇల్లుగాని, గుడారం వేసిన చెలకగాని, స్ట్రాబెర్రీ మడిగాని ఆ ఊరి గిరిజనుడి పేరు మీదే ఉండేలా చూసే చట్టం ఇప్పటికి ఇదొక్కటే ఉంది.